గోడకి అంటించిన దేశాలు

ఎండలు ముదిరే వేళకి మా ఇంట్లోకి ఐదు దేశాలు వచ్చి చేరాయి. వంటింట్లో ఎడారి, హాల్లో మంచు కొండలు, పడగ్గదిలో దీవులు, బట్టలు ఆరేసే వరండాలో ఉప్పు మైదానం, బాత్రూం తలుపు మీద అడవి. పళ్లు తోముకోవాలన్నా అడవి దాటుకునే వెళ్లాలి. అన్నీ మా ఆవిడ అంటించినవే. దేశానికొక పెద్ద తెల్ల కాగితం, దాని మీద మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా గళ్లు, గళ్లలో రైళ్ల వేళలు, బస్సుల వేళలు, దిగాల్సిన చోట్లు, పై మూల ఒక రంగు ముక్క.

ఆ రంగు ముక్క సంగతి చెప్పాలి. మా ఆవిడ గోడల రంగులమ్మే దుకాణంలో పనిచేస్తుంది. కొనేవాళ్లు రంగుల కార్డు మీద వేలు పెట్టి ఇది కావాలంటే, తెల్ల రంగు డబ్బాలో చుక్కల లెక్కన మిగతా రంగులు వేసి, మిషన్‌లో గిలకొట్టి ఇస్తుంది. కార్డులో ప్రతి రంగుకీ ఒక పేరుంటుంది. ఎడారి ఇసుక, కొండ మంచు, లోతు నీలం, ఉప్పు తెలుపు, వానాకు పచ్చ. ఇరవై రెండేళ్లలో ఊళ్లో సగం గోడలకి ఆమె ఎడారి ఇసుక పూయించింది. ఎడారిని మాత్రం చూడలేదు. "అసలా రంగు అక్కడుందో లేదో చూసొద్దామండీ" అంది ఒకరోజు కూరగాయలు తరుగుతూ. మాట వరసకి అంటోందనుకుని "చూద్దాంలే" అన్నాను. వారం తిరిగేసరికి వంటింటి గోడ మీద ఎడారి వెలిసింది.

నా ఉద్యోగం ఏమిటో చెబితే నా గోడు మీకే అర్థమవుతుంది. నేను ప్రయాణ బీమా కంపెనీలో గుమస్తాని. దేశం కాని దేశం వెళ్లి కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లు, పెట్టెలు పోగొట్టుకున్నవాళ్లు, తిన్నది పడక వారం రోజులు మంచం మీదున్నవాళ్లు, అసలు తిరిగి రానివాళ్ల తాలూకు మనుషులు పెట్టుకునే అర్జీలు చదవడం నా పని. ఇరవై ఆరేళ్లుగా రోజుకి పదిహేను చొప్పున చదువుతున్నాను. లోకంలో నేను చూడని దేశం లేదు, అన్నీ ఆస్పత్రి మంచం మీంచే చూశాను. అందుకే ఊరి పొలిమేర ఏనాడూ దాటలేదు.

"ఎడారిలో ఏముందో తెలుసా నీకు?" అన్నాను ఆ మొదటివారంలోనే, కంచం ముందు కూర్చుని. "ఒంటె. దాని మీదెక్కి ఫొటో దిగబోయిన ఒక లెక్కల మాస్టారి భుజం పట్టుకుని కొరికేసింది. మూడు ఆపరేషన్లు."

"నేను ఒంటె ఎక్కనులెండి."

"కొండల్లో ఊపిరాడదు. పోయిన ఏడాది ఒక పెళ్లికూతురు మెట్టు మీద మెట్టు ఎక్కుతూ ఎక్కుతూ అలా కూర్చుండిపోయింది."

"మెల్లిగా ఎక్కుదాం. మనకేం తొందర?"

"దీవుల దగ్గర పడవ."

"పడవకేమయింది?"

"తిరగబడింది. నా దగ్గర మూడు ఫైళ్లున్నాయి."

ఆమె నీళ్ల గ్లాసు నా వైపు జరిపి నా మొహంలోకి చూసింది. "ఏవండీ, ఆ పడవలు రోజుకెన్ని తిరుగుతాయి? వాటిల్లో క్షేమంగా వెళ్లొచ్చిన వాళ్లెవరైనా మీ ఆఫీసు మెట్లెక్కారా ఎప్పుడైనా? ఏమీ కానివాళ్లు మీ దగ్గరికెందుకొస్తారు?"

ఇరవై ఆరేళ్లలో ఈ ఆలోచన నాకు తట్టలేదంటే నవ్విపోతారు. అయినా నా గుండె దడ నాదే, ఆలోచన తట్టినంత మాత్రాన అది తగ్గదు.

"మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను" అంది కంచాలు తీస్తూ. కోపంగా అనలేదు. రేపు ఉతికే బట్టలున్నాయి అన్నట్టు అంది. ఆమె ఒక్కతే పడవలో ఉండటం, నేను ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చోవడం, ఇంకో గుమస్తా ఎవడో ఆమె ఫైలు చివరి పేజీ నుంచి చదవడం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

బీమా ఫారాలు రెండు తెమ్మంటే ఆఫీసు నుంచి తెచ్చిచ్చాను. తనది పట్టుకుని దుకాణానికి వెళ్లి అక్కడే నింపి, టపాలో పంపేసింది. నాది ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద వేలాడదీసింది. పాలు తీసినప్పుడల్లా ఆ ఖాళీ ఫారం నన్ను చూసేది. నింపితే వెళ్లడం ఖాయమైపోతుందని రోజుకో వంక పెట్టాను. ఒకరోజు పెన్ను రాయలేదు, ఒకరోజు కళ్లజోడు కనబడలేదు.

"ఫారంలో ఒక్క అబద్ధం కూడా రాయకు" అని మాత్రం ఆమెకి చెప్పాను. పెళ్లయిన దగ్గర్నుంచీ చెబుతున్నదే. దాచిన జబ్బు వల్ల కొట్టేసిన అర్జీలు ఎన్ని చూశానో. "నీకు జలుబు చేసినా రాయి. రాసింది నేను చూడను, అది పై అంతస్తు వాళ్ల పని. కానీ రేపేదన్నా అయితే ఫారమే నిన్ను కాపాడుతుంది."

"తెలుసు" అంది.

ఇక ఇంట్లో కసరత్తు మొదలైంది. నిండా సర్దిన పెట్టె మోసుకుని మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగేది, పొద్దున రెండుసార్లు. కొత్త బూట్లు వేసుకుని వంట చేసేది. నేను గడియారం పట్టుకుని మెట్ల మీద కూర్చుని, ఆమె ఆయాసపడితే నేనే ఆయాసపడేవాణ్ని. బయల్దేరే తేదీ దగ్గర మాత్రం ఒక ముడి పడింది. టిక్కెట్లు తీసిచ్చే అమ్మాయి ఈ నెల పదో తారీఖున విమానం అందుకోవడానికి మంచి రైలుందంటే మా ఆవిడ ససేమిరా అంది.

"పదిహేడు దాటాకే" అంది.

"పదిహేడునేముంది?"

"దుకాణంలో స్టాకు చూడాలి."

స్టాకు చూడ్డానికి పెద్ద ప్రయాణం ఆపుకోవడమేమిటని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత, ఆలస్యమైతే అయిందిలే, ఈలోగా మనసు మార్చుకుంటుందేమో అని నేనే సంతోషించాను. చివరికి నెలాఖరుకి ఖాయమైంది.

వేసవి సెలవులంటే మా ఆఫీసుకి రద్దీ. లోకమంతా పెట్టె సర్దుకుని బయల్దేరే కాలం. సరిగ్గా అప్పుడే పై అంతస్తులో పాలసీలిచ్చే ముగ్గురూ తమ పిల్లల్ని తీసుకుని సెలవు మీద పోయారు. వాళ్ల ఫారాలు కట్టలు కట్టి మా బల్లల మీద పడేశారు. నా ఎదురు బల్ల మీద ఒకాయన ఉంటాడు. ఏ కాగితం కనబడినా ఠపీమని ముద్ర కొట్టేస్తాడని అందరం స్టాంపు అని పిలుస్తాం. "మనం పోయినవాళ్లని చూసేవాళ్లం, ఇప్పుడు పోబోయేవాళ్లని కూడా చూడమంటున్నారు" అని కట్ట సగానికి విరిచి నాకు సగమిచ్చాడు.

ఫారాన్ని చివరి పేజీ నుంచి చదవడం నా అలవాటు. మొదటి పేజీలో పేరూ, చిరునామా, పుట్టిన తేదీ ఉంటాయి, అక్కడ అందరూ ఒక్కటే. మనిషి కష్టం చివరి పేజీలో ఉంటుంది. అలా పది పన్నెండు ఫారాలు తిరగేశాక ఒకదాని దగ్గర ఆగాను. ఏడో ప్రశ్న: గత రెండేళ్లలో ఏదైనా జబ్బుకి గానీ, జబ్బు ఉందన్న అనుమానంతో గానీ పరీక్షలు చేయించుకున్నారా? అవును అన్నదాని చుట్టూ సున్నా చుట్టి ఉంది. కింద ఖాళీలో నీలం సిరాతో నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి. కుడి రొమ్ములో గడ్డ. చలికాలంలో సూది గుచ్చి ముక్క తీసి చూశారు, చెడ్డదేమీ కనబడలేదు. పెరుగుతోందా లేదా అని ఆరు నెలలకి మళ్లీ చూస్తామన్నారు. తేదీ ఈ నెల 17.

అయ్యో పాపం, ఎవరో ఈవిడ, అనుకున్నాను. చెడ్డదేమీ లేదన్నారు కాబట్టి పాలసీ ఇవ్వచ్చు, కానీ పరీక్ష కాగితం తెమ్మనాలి అని పక్కన రాయబోయాను. రాయబోయి ఆ పదిహేడు వైపు మళ్లీ చూశాను. ఏడు అంకె నడుముకి అడ్డంగా ఒక చిన్న గీత ఉంది. రంగుల దుకాణంలో చుక్కల చీటీ రాసేటప్పుడు ఒకటీ ఏడూ కలిసిపోతే డబ్బా మొత్తం పాడవుతుందని అక్కడ అందరూ ఏడుకి అడ్డగీత పెడతారు. మా ఇంట్లో పాల చీటీ మీద కూడా ఆ గీత ఉంటుంది.

మొదటి పేజీ తిప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తిప్పాను. మా చిరునామాయే.

కాళ్లూ చేతులూ ఆడలేదంటారే, అది నాకు తరచూ జరిగేదే. లిఫ్టు ఆగినా ఆడవు, కుక్క మొరిగినా ఆడవు. ఈసారి అలా కాలేదు. అన్నీ మామూలుగా ఆడుతున్నాయి, లోపల మాత్రం ఏమీ లేనట్టుంది. కాగితం తీసుకెళ్లి స్టాంపు బల్ల మీద పెట్టాను.

"ఇది నేను చూడకూడదు. నువ్వు చూడు."

"ఎవరిదీ?"

"మా ఇంటిది."

స్టాంపు చివరి పేజీ చూశాడు. ముద్ర కొట్టే చెయ్యి గాల్లోనే ఆగింది. "నీకు తెలుసా ఇది?" అన్నాడు.

"తెలుసు" అన్నాను. ఆఫీసులో నేనాడిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది.

ఆ మధ్యాహ్నమంతా కుర్చీలో కూర్చుని ఒకటే ఆలోచన. నా కళ్ల ముందే తిరిగే మనిషి, ఒక చలికాలం, ఒక వసంతం గడిపేసింది ఈ మాట నోట్లో పెట్టుకుని. నాతో చెప్పలేదు. ఫారంలో అబద్ధం రాయకూడదని నేనే నేర్పాను గనక ఫారానికి మాత్రం నిజం చెప్పింది. నాకు కోపం రావాల్సింది. రాలేదు. సిగ్గేసింది.

ఇంటికెళ్లి అడిగానా అంటే, లేదు. అడిగితే ఆమె చెబుతుందేమోనని భయం. చెబితే నిజమైపోతుందని భయం. నాలుగు రోజులు ఆమె వెనకాలే తిరిగాను. పెట్టె మోస్తుంటే లాక్కున్నాను, కుడి చెయ్యి ఎత్తితే చూశాను, ఎడమ చెయ్యి ఎత్తితే చూశాను. "ఏమైంది మీకు, పిల్లిలా కాళ్లకడ్డం పడుతున్నారు?" అంది. "బూట్లు సరిగ్గా పడుతున్నాయా అని చూస్తున్నా" అన్నాను. వంటింట్లో ఎడారి కాగితం దగ్గర నిలబడి గళ్లు లెక్కపెట్టేవాణ్ని. పదిహేడు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. మొత్తం ప్రయాణమంతా ఆ తేదీకి అవతలే ఉంది. ఆ రోజు బాగుంటేనే ఈ గోడలన్నీ నిజం, లేకపోతే కాగితాలు.

ఐదో రోజు ఆఫీసుకి వెళ్తున్నానని చెప్పి మా చెల్లెలి దగ్గరికి వెళ్లాను. మా వీధికి రెండు వీధుల అవతల కళ్లద్దాల దుకాణం నడుపుతుంది. నా మొహం చూడగానే చేతిలో ఫ్రేము పక్కన పెట్టి కుర్చీ లాగింది.

"కూర్చో అన్నయ్యా. తెలిసిపోయిందా?"

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచీ."

"నా చెల్లెలివా, దాని చెల్లెలివా నువ్వు?"

"నీకు చెబితే ఏమయ్యేదో నువ్వే చెప్పు" అంది మా చెల్లెలు. "ఆమధ్య రంగుల దుకాణంలో మిషన్ మూత పడి వదిన వేలు తెగితే ఏమైంది? నువ్వు పరుగెత్తుకొచ్చి, రక్తం చూసి, గుమ్మం మీద పడ్డావు. వదిన వేలికి రెండు కుట్లు, నీ తలకి నాలుగు. వదిన తెగిన వేలితో నీకు మంచినీళ్లు పట్టింది." నవ్వబోయి ఆగిపోయింది. "ఏ సంగతైనా బాగయ్యాకే నీకు చెబుతాం అన్నయ్యా. మా అందరికీ అది అలవాటైపోయింది. ఇది కూడా బాగయ్యాక చెబుదామనుకున్నాం. ఇంకా పూర్తిగా బాగవ్వలేదు, అంతే."

నేను బల్ల మీది అద్దాల డబ్బా మూత తీస్తూ మూస్తూ కూర్చున్నాను. "సూది గుచ్చే రోజున పక్కన నువ్వున్నావా?"

మా చెల్లెలు పక్కన పెట్టిన ఫ్రేము మళ్లీ చేతిలోకి తీసుకుంది. "లేను. మిగతా రెండుసార్లూ వెళ్లాను. ఆ రోజు నాకు జ్వరం. ఇంకో రోజు పెట్టించుకో వదినా అంటే, ఆగే ఓపిక లేదు, తేలిపోనీ అంది. ఒక్కతే వెళ్లింది. బస్సెక్కి తిరిగొచ్చింది. సాయంత్రం నువ్వొచ్చేసరికి టీ పెట్టింది."

జ్వరం మాట వినగానే ఆ సాయంత్రం ఏదో నాకు తెలిసింది. ఆఫీసు లిఫ్టు ఆగిపోయి నేను పది నిమిషాలు అందులో ఇరుక్కున్న రోజు. ఇంటికొచ్చి ఆ పది నిమిషాల గురించి గంటసేపు చెప్పాను. లిఫ్టులో గాలి ఎలా తగ్గిందో, చెమట ఎలా పట్టిందో, పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె ఎడమ చేత్తో టీ అందించి, "అయ్యో, ఎంత భయపడ్డారో" అంటూ వింది. ఎడమ చేత్తో ఎందుకిస్తోందని కూడా నేనడగలేదు.

లేచి నిలబడ్డాను. "పదిహేడున నువ్వు వెళ్లకు."

"మరి వదిన?"

"నేను వెళ్తాను."

"పడిపోతావు అన్నయ్యా."

"పడితే ఆస్పత్రిలోనే కదా పడేది. వాళ్లే చూసుకుంటారు."

మా చెల్లెలు నా కళ్లజోడు తీసుకుని తుడిచి మళ్లీ నాకే పెట్టింది.

పదిహేడో తారీఖు పొద్దున ఆమె రోజూలాగే తయారైంది. సంచిలో ఒక కవరు పెట్టడం చూశాను. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఒక బూటు వేసుకుంది, రెండోది చేతిలో పట్టుకుని ఉంది. నేను కూడా వచ్చి నా చెప్పులు వేసుకున్నాను.

"అదేంటి, ఆఫీసుకి టైముందిగా ఇంకా?"

"సెలవు పెట్టాను."

"ఎందుకు?"

"ఇవాళ స్టాకు చూసే రోజు కదా. నేనూ వస్తాను."

బూటు చేతిలో అలాగే ఉండిపోయింది. నా వైపు చూడలేదు, బూటు వైపే చూసింది. "ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఏడో ప్రశ్న కింద."

"అది పై అంతస్తు వాళ్లు కదా చూసేది."

"వాళ్లు సెలవు మీదున్నారు."

ఆమె రెండో బూటు వేసుకుంది. నేను తలుపు తాళం వేశాను. తాళం చెవి రంధ్రంలోకి వెళ్లడానికి నాలుగుసార్లు పట్టింది, ఆమె చూస్తూ నిలబడింది గానీ తాళం నా చేతిలోంచి తీసుకోలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు బయటికే చూసింది. "కోపం వచ్చిందా?" అంది చివరికి.

"భయం వేసింది."

"అది మీకెప్పుడూ ఉండేదేగా."

"ఇది అది కాదు. అవన్నీ నాకేదో అవుతుందని. ఇది నువ్వు లేకుండా ఆ గోడల మధ్య నేనుండాల్సొస్తుందని." ఇలాంటి మాట నేను పెళ్లయిన కొత్తలో కూడా ఆమెతో అనలేదు. అన్నాక ఎవరన్నా విన్నారేమోనని వెనక్కి చూశాను.

ఆమె సంచి ఒళ్లో సర్దుకుంది. "నాకు భయం వెయ్యలేదనుకున్నారా? పరీక్ష ఫలితం వచ్చేదాకా మూడు వారాలు దుకాణంలో ఎన్ని డబ్బాలు తప్పు కలిపానో. కానీ మన ఇంట్లో భయపడే పనంతా మీరు పుచ్చుకున్నారు. నా వంతు మిగల్లేదు."

ఆస్పత్రి హాల్లో కుర్చీలు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. ముందు స్కానింగు, తర్వాత పిలిచేదాకా కూర్చోవడం. స్కానింగు గదిలోకి నన్ను రానివ్వలేదు. ఆ ఇరవై నిమిషాలు మూసిన తలుపుని చూస్తూ నేను చదివిన అర్జీలన్నీ గుర్తు చేసుకున్నాను, ఒక్కటీ పనికి రాలేదు. ఆమె బయటికొచ్చి నా పక్కన కూర్చుని ఎదురుగోడ చూపించింది.

"ఆ గోడ ఏ రంగో చెప్పండి."

"తెలుపు."

"ఉప్పు తెలుపు. నేనే కలిపాను, నాలుగేళ్ల కిందట. ముప్పై రెండు డబ్బాలు." గొంతు తగ్గించింది. "లోపలి గదికీ ఇదే రంగు. సూది గుచ్చుతుంటే అటు తిరిగి గోడనే చూడమన్నారు. చూశాను. ఊరందరికీ పూసి పెట్టాను గానీ ఇది అసలు ఎలా ఉంటుందో చూడకుండానే పోతానా అనిపించింది. ఆ గోడ చూస్తూనే ఐదు దేశాలూ అనుకున్నాను. ఒంటె కొరికితే కొరకనీ."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నాది చెమట. ఇద్దరం ఉప్పు తెలుపు గోడని చూస్తూ కూర్చున్నాం, పిలుపొచ్చేదాకా.

డాక్టరమ్మ రెండు స్కానింగులూ పక్కపక్కన పెట్టి చూసింది. పాతది, కొత్తది. కొలిచింది, మళ్లీ కొలిచింది. ఆమె కొలుస్తున్నంతసేపూ నా చూపు బల్ల మీది కాగితాల బరువు మీదే ఉంది. గాజుది, లోపల ఒక బుడగ. ఇవాళ్టికీ ఆ బుడగ ఎక్కడుందో గీసి చూపించగలను.

"పెరగలేదు" అంది డాక్టరమ్మ. "అప్పుడెంతుందో అంతే ఉంది. అంచులు కూడా శుభ్రంగా ఉన్నాయి. మళ్లీ ఆరు నెలలకి చూద్దాం."

"మళ్లీనా?" అన్నాను నేను.

"ఇంకో ఏడాదిన్నర ఇలాగే చూస్తుండాలి. తగ్గిపోయిందని చెప్పను, భయపడమనీ చెప్పను."

"ప్రయాణం ఉందండీ" అంది మా ఆవిడ. "నెలాఖరుకి. నలభై రోజులు."

"వెళ్లి రండి" అని కాగితం మీద సంతకం పెట్టింది డాక్టరమ్మ.

బయటికొచ్చాక ఆరు నెలల తర్వాతి తేదీ రాయించుకోవడానికి నర్సు బల్ల దగ్గర నిలబడ్డాం. నర్సు పెద్ద రిజిస్టరు తెరిచింది. మా ఆవిణ్ని బాగా గుర్తుపట్టింది.

"ఇవాళ ఆడపడుచు రాలేదా అమ్మా? ఈయనెవరు?"

"మా ఆయన" అంది, వినీ వినబడకుండా.

నర్సు మొహం విప్పారింది. కుర్చీలోంచి సగం లేచింది. "అయితే వచ్చేశారా సార్! ఏ దేశంలో ఉంటారండీ మీరు? అడిగితే ఆవిడ ఎప్పుడూ చెప్పరు. సూది పరీక్ష రోజున ఒక్కరే వచ్చారు. ఎవరూ లేరా అమ్మా తోడు అంటే, మా ఆయన దేశం బయట ఉన్నారు, ఆయన రావడానికి వీల్లేదు అన్నారు. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదనుకోండి."

రిజిస్టరు నా వైపే ఉంది. మా ఆవిడ పేరు పక్కన గడిలో నర్సు చేతిరాతతో ఉంది: భర్త విదేశాల్లో. దాని పక్కన నంబరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఊరి పొలిమేర దాటనివాణ్ని. మా ఇంటి నుంచి అక్కడికి బస్సులో పావుగంట. మా ఆవిడ వైపు చూశాను. నేల చూపులు చూస్తోంది, చెవులు ఎర్రబడ్డాయి.

"ఎప్పుడొచ్చారు సార్?" అంది నర్సు మళ్లీ.

"ఇవాళ పొద్దున్నే వచ్చానమ్మా."

"మళ్లీ వెళ్లిపోవాలా?"

"వెళ్లాలి. ఈ నెలాఖరుకి. ఈసారి ఇద్దరం వెళ్తున్నాం."

మా ఆవిడ తలెత్తి నన్ను చూసింది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

"చాలా మంచిది సార్" అని నర్సు ఆ గడిలో రాసింది కొట్టేసి పెన్ను పట్టుకుంది. "అయితే ఇక ఫోను మీకే చేస్తాను. నంబరు చెప్పండి."

ఏళ్ల తరబడి ప్రతి అర్జీ కిందా సంతకం పక్కన నేను రాసే నా ఫోను నంబరే అది. ఒక్క అంకె గుర్తు రాలేదు. నోరు తెరిచి అలాగే నిలబడ్డాను. పక్కనుంచి మా ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఐదంకెలు చెప్పింది. ఆరోది చెప్పబోతూ చేత్తో నోరు మూసుకుంది. ఆ ఆరు నెలల్లో ఆమె ఏడవడం అదే మొదలని తర్వాత చెప్పింది. నర్సు పెన్ను పట్టుకుని చూస్తోంది.

మిగతా అంకెలు నేను చెప్పాను.